ఇప్పకొండ నీళ్ళ కాపలా

ఇప్పకొండ మీద రెండు రేచుకుక్కల మందలకు పోరు పడింది. కొండ నాదంటే నాదని అవి కొట్టుకుంటే మధ్యన నలిగింది దుప్పులు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టని పెద్దలు ఊరికే అన్నారా?

చెల్లాచెదురైన మందలోంచి ఒక కుర్రదుప్పి వాగు దాటి, దిగువనున్న బీడులో వచ్చి పడ్డాడు. పేరు చిగురుకొమ్ము. కొమ్ముల మీద నూగు ఇంకా పోని ఈడు.

ఆ బీడుకు పెద్దదిక్కు ఓబన్న అనే ముసలి ఎద్దు. ఏళ్ళ తరబడి కాడి మోసి, ఇప్పుడు తీరిగ్గా నెమరేసుకుంటున్నాడు. కుర్రవాడికి మెత్తటి గడ్డి చూపించాడు, తుమ్మచెట్టు నీడలో చోటిచ్చాడు. చెవి ఒక్కటే ఇవ్వలేదు.

"తాతా, మా కొండలో తెల్లారేసరికి ఇప్పపూలు రాలి ఉండేవి. మా అమ్మ నన్ను లేపి..."

"పోయిన నీళ్ళకి కట్ట కడతావా అబ్బీ? అవన్నీ తలుచుకోకు. గడ్డి తిను."

తలుచుకుంటే పిల్లవాడు ఏడుస్తాడని ఓబన్న భయం. తలుచుకోవద్దన్నందుకే ఎక్కువ ఏడుస్తున్నాడని ఆయనకు తెలియదు పాపం. చిగురుకొమ్ముకు గడ్డి గొంతు దిగేది కాదు.

కంపల చాటునుంచి ఇదంతా విన్నాడు సుద్దులయ్య అనే గుంటనక్క. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఓ మధ్యాహ్నం ఓబన్న కునుకు తీస్తుంటే మెల్లగా వచ్చి కూర్చున్నాడు.

"అల్లుడూ, మీ కొండ ముచ్చట్లు చెప్పరా. వినాలనుంది."

ఎన్నాళ్ళకో ఒకరు అడిగారు! చిగురుకొమ్ము ఆగలేకపోయాడు. పూల వాసన చెప్పాడు, పొద్దున్నే దిగే మంచు చెప్పాడు, చెవుల వెనక నాకే అమ్మ నాలుక గరుకు చెప్పాడు. నీళ్ళ మడుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం మాట ఆపేశాడు. అమ్మను ఆఖరుసారి చూసింది అక్కడే.

సుద్దులయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరే, ఆవిడ నిన్న వంకలో నాకు కనబడింది! నిన్ను తీసుకురమ్మంది. ముసలాడితో అనకు, వెళ్ళొద్దంటాడు."

చిగురుకొమ్ము పరుగులాంటి నడకతో వెంట వెళ్ళాడు. వంకలో అమ్మ లేదు. ఒక గుంట, గుంట నిండా బురదనీళ్ళు.

"వచ్చేస్తుందిలే. ఈలోగా దాహం తీర్చుకో అల్లుడూ, నేను కాపలా ఉంటా," అన్నాడు నక్క.

మూతి వంచబోతూ చిగురుకొమ్ము ఓరకంట చూశాడు. సుద్దులయ్య తన వైపే తిరిగి కూర్చున్నాడు. ఇప్పకొండలో కాపలా ఉన్నవాళ్ళు తాగేవాళ్ళకి వీపు పెట్టి నిలబడతారు. చూడాల్సింది అడవిని కదా, మనవాడి మెడను కాదు! ఆఖరి రోజు అమ్మ కూడా అలాగే నిలబడింది. అమ్మ పంపినవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? అమ్మ రాదని అప్పుడు అర్థమై ఏడుపు ముంచుకొచ్చింది. అంత ఏడుపులోనూ బుర్ర పనిచేసింది.

"మా కొండలో పెద్దవాళ్ళు ముందు తాగాలి మామా. నువ్వు కానియ్. నేను కాపలా ఉంటా."

"ఆహా, మీ అమ్మ ఎంత మర్యాద నేర్పిందిరా!" కుర్రకుంక ఎక్కడికి పోతాడులే అనుకుని నక్క మూతి వంచాడు.

చిగురుకొమ్ము ఇప్పకొండ పద్ధతిలోనే వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక కాళ్ళు రెండూ సరిగ్గా నక్క డొక్కకెదురుగా వచ్చాయి.

"ఇది కూడా మా అమ్మే నేర్పింది మామా!"

ఒక్క తాపుకి సుద్దులయ్య బురదలో మెడదాకా దిగబడ్డాడు. "అల్లుడూ, లాగరా!" అన్న కేక వంక దాటి రాలేదు.

చిగురుకొమ్ము రొప్పుతూ వచ్చి ఓబన్న ముందు కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పి, "అమ్మ ఇక రాదేమో తాతా," అని భోరుమన్నాడు.

ఈసారి ఓబన్న గడ్డి మాట ఎత్తలేదు. "తప్పు నాదే నాయనా. నీ నోరు నేను మూయిస్తేనే కదా వాడి దగ్గర విప్పావు," అని పక్కన చతికిలబడ్డాడు. "చెప్పు, మీ కొండలో నీళ్ళెలా తాగేవాళ్ళు?"

చిగురుకొమ్ము ఏడుస్తూనే చెప్పాడు, మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. పొద్దు వాలేవేళకి ఇద్దరూ వాగుకు వెళ్ళారు. ఓబన్న తన ముసలి ఒంటిని ఈడ్చుకుంటూ మెల్లగా అటు తిరిగి, కుర్రవాడికి వీపు పెట్టి నిలబడ్డాడు.

చిగురుకొమ్ము చాలా రోజుల తర్వాత కడుపునిండా నీళ్ళు తాగాడు.

నీతి: పిల్లల దుఃఖానికి మనం చెవి ఇవ్వకపోతే, నక్క ఇస్తుంది.