కడవ కోసం కొట్లాట

పేరు చెబితే ఆ వంశం వాళ్లు నొచ్చుకుంటారు గనుక, ఒకానొక రాజ్యం అనుకుందాం. దాన్నేలే రాజుగారిని ఘనభూపాలుడందాం. ఆయనకు తన దండోరా అంటే మహా గర్వం.

"ఏ కబురుకు డప్పు చుట్టూ జనం మూగుతారో ఆ కబురే తరవాతి వీధికి పోవాలి. మూగకపోతే అక్కడే వదిలెయ్యాలి. అలా కోటదాకా వచ్చిందే ప్రజల మాట!" ఇదీ ఆయన శాసనం.

రాజుగారి చిలక పెళ్లి కబురు ఊరంతా తిరిగింది. పొలాల కాలువను ఆయన పడవ షికారు చెరువుకు మళ్లించారన్న మొర మాత్రం మొదటి వీధి దాటలేదు. ఆ కాలువ కింద సాగు చేసుకునే చుక్కమ్మ మిరపనారు మాడిపోతోంది. ఇంకో వారం నీళ్లు రాకపోతే ఏడాది పంట పోయినట్టే. పాపం, ఎన్నిసార్లు దండోరా వేయించినా "కాలువ గోల ఎవడిక్కావాలి!" అంటూ జనం ఇళ్లకు పోయారు.

చుక్కమ్మకు ఒళ్లు మండింది. ఓ రోజంతా డప్పు వెనకే తిరిగి, జనం దేనికి మూగుతున్నారో చూసింది. ఇంటికొచ్చి తోడికోడలితో, "నాగులూ, రేపు మనం జుట్లు పట్టుకోవాలే" అంది.

"అయ్యో, ఎందుకక్కా? నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. అదే మన లోటు."

మర్నాడు బజారు నడుమ, మూతికి గుడ్డ కట్టిన కడవ పెట్టుకుని ఇద్దరూ కలబడ్డారు.

"కడవ నాది!"

"నీ మొహం, నాది!"

వీధి వీధంతా మూగింది. సగం మంది చుక్కమ్మ వైపు, సగం మంది నాగులు వైపు. అందులో బంగారముందని ఒకడు, కాదు నేతి గారెలని ఇంకొకడు. మధ్యాహ్నానికల్లా డప్పు కోటలో మోగింది. రాజుగారు విస్తరి ముందు నుంచి లేచి, మంత్రిని వెంటబెట్టుకుని వచ్చేశారు.

"మేమే తీర్పు చెబుతాం. గుడ్డ విప్పండి!"

విప్పారు. లోపల ఎండిన మిరపనారు కట్ట.

"దీనికోసమా కొట్లాట?"

"తమకోసం ప్రభూ" అంది చుక్కమ్మ. "కాలువ ఎండిందని చేతులు జోడించి చెబితే డప్పు కదల్లేదు. జుట్లు పట్టుకుంటే తమరే కదిలొచ్చారు."

"దండోరాను మోసం చేశారు ప్రభూ!" అని మంత్రి మండిపడ్డాడు.

"మోసమేముందండీ? అది ఏం తింటుందో చూసి అదే పెట్టాం" అంది చుక్కమ్మ.

రాజుగారి మొహం ఎర్రబడింది. అంతలో నాగులు తల తడుముకుంటూ, "అక్కా, కాస్త మెల్లిగా లాగాల్సింది" అంది. ఆయనకు నవ్వు ఆగలేదు.

"ఏం కావాలో కోరుకో."

"కాలువ మాకు మళ్లించండి. వారానికొక్కనాడైనా జనం మూగినా మూగకపోయినా డప్పు కోటదాకా రానివ్వండి. లేకపోతే మా నాగులు నెత్తిన జుట్టు మిగలదు."

రాజుగారు పకపకా నవ్వి రెండూ ఇచ్చేశారు, పైన చెరో పట్టుచీరా పెట్టారు. ఆ సాయంత్రమే పొలాలకు నీళ్లొచ్చాయి. రాజుగారి పడవ మాత్రం చాన్నాళ్లు బురదలోనే కూచుంది.