ఓడిపోలేని ఆటగాడు

ఏటి ఒడ్డున ఉన్న ఓ చిన్న రాజ్యంలో అదృష్టం మీద ఆడే జూదానికి శిక్ష ఉండేది. నేర్పుతో ఆడే ఆటకు మాత్రం అడ్డు లేదు. రాజుగారి బావమరిది వీరభూపతి, తనది నేర్పుతో ఆడే ఆటేనంటూ పాచికల శాల నడిపేవాడు. పడవ నడుపుకునే సింహాద్రి అక్కడ అతనితో ఆడి తన పడవను పోగొట్టుకున్నాడు. ఆ దిగులుతోనే మంచం పట్టి చనిపోయాడు.

అతని భార్య పైడమ్మ కొలువుకు వెళ్లి మొరపెట్టుకుంది.

"నేర్పు లేనివాడు ఓడితే నాదా తప్పు?" అని నవ్వాడు వీరభూపతి.

"నిజమే దొరా. కానీ నేర్పున్నవాడికి గెలవడమే కాదు, కావాలనుకుంటే ఓడడమూ చేతనవ్వాలి కదా! మీ పాచికలు మీరే వేసి, నా చేతిలో ఒక్కసారి ఓడి చూపించండి," అంది పైడమ్మ.

కాదంటే నేర్పు లేదని ఒప్పుకున్నట్టే. వీరభూపతి తన పాచికలు వేశాడు. అన్నిటికన్నా పెద్ద పందెం పన్నెండు పడింది. మెల్లగా దొర్లించాడు. మళ్లీ పన్నెండే. ఎడమచేత్తో వేసినా అదే పడింది.

రాజు ఆ పాచికలను పగలగొట్టించాడు. లోపల ఒకవైపు బరువుకు సీసం పోసి ఉంది.

"ఇందులో నేర్పూ లేదు, అదృష్టమూ లేదు," అంటూ రాజు శాల మూయించి, పడవ తిరిగి ఇప్పించాడు. "ఇంకేం కావాలమ్మా?" అని అడిగాడు.

"ఏమీ వద్దు మారాజా. తాను చేతకానివాడినని కుమిలి కుమిలి పోయాడు నా మనిషి. కాదని చూపించే ఈ ఉపాయం ఆయన బతికుండగా నాకు తోచలేదు," అని పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజు తల దించుకున్నాడు. ఆ శాల మీద ఫిర్యాదు రావడం అదే మొదటిసారి కాదు. బావమరిది కదా అని ఇన్నాళ్లూ తానే ఊరుకున్నాడు.