నేరేడు రంగు చుక్క మునిగిన వైనం

సింగనపాలెంలో అద్దకం పని చేసే లింగమూర్తి ఇంట్లో తెలివికి కరువు లేదు. వాడితే అరిగిపోతుందని ఎవరూ వాడేవాళ్ళు కాదు, అంతే. "మన బుర్రలు ఇంకా కొత్తవి కొత్తగానే ఉన్నాయి" అని లింగమూర్తి పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేవాడు. భార్య తాయారమ్మ, తమ్ముడు కోదండం అవునవునని తలలూపేవాళ్ళు.

ఆ ఇంటికి అన్నం పెట్టేది తాత కలిపిన నేరేడు రంగు. అందులో ఏమేం కలిపాడో చెప్పకుండానే తాత పోయాడు. అడగమని ఎవరూ చెప్పలేదు కనుక లింగమూర్తీ అడగలేదు. ఇప్పుడు సీసా అడుగున పది పన్నెండు చుక్కలు మిగిలాయి. అవీ అయిపోతే పొయ్యిలో పిల్లి లేవదు. లింగమూర్తి సీసా చంకన పెట్టుకుని, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హైమవతి మేడమ్ దగ్గరికి పరుగెత్తాడు.

ఆవిడ ఒక పీల్చుడు కాగితం ఇచ్చి ఓపిగ్గా చెప్పింది. "దీన్ని క్రొమటోగ్రఫీ అంటారు. అడుగున గీత గీసి, గీత మీద చుక్క పెట్టండి. కాగితం కొస మాత్రం నీళ్ళలో ఉంచి నిలబెట్టండి. నీళ్ళు పైకి పాకుతూ రంగుల్ని లాక్కుపోతాయి. నీళ్ళతో స్నేహమెక్కువున్న రంగు పైకి పోతుంది, కాగితాన్ని కరుచుకునేది కిందే ఉండిపోతుంది. అలా కలిసున్నవి విడిపోతాయి. ఒక్కటే జాగ్రత్త. చుక్క మునిగిందా, మీ కొంప మునిగినట్టే!"

లింగమూర్తి ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు.

"గీతలూ చుక్కలూ అంటే ముగ్గేగా! ఆ మాత్రానికి కాగితమెందుకండీ?" అంది తాయారమ్మ. అడుగున అన్నారు కదా అని, పొద్దున్నే సున్నం కొట్టిన గోడ అడుగున, నేలకి జానెడెత్తులో, వరసగా పదకొండు చుక్కలు పెట్టేసింది. సీసాలో ఒక్క చుక్క మిగిలింది.

"తప్పు నాదేలే. కాగితానికి అడుగున అని చెప్పాల్సింది" అని లింగమూర్తి లెంపలేసుకుని, ఆ ఒక్క చుక్కా కాగితం మీద పెట్టి పళ్ళెంలో నిలబెట్టాడు.

కోదండానికి అనుమానమొచ్చింది. "అన్నయ్యా, కలిసున్నవి విడిపోతాయన్నారు. మనం ముగ్గురం కలిసే ఉన్నాం కదా!"

"ఇరవై ఏళ్ళ కాపురమండీ!" అని తాయారమ్మ ఘొల్లుమంది. ఇంకేముంది, ముగ్గురూ కొంగుకీ పంచెలకీ ముళ్ళేసుకున్నారు. రంగు ఎంతదాకా పాకిందో చూద్దామని లింగమూర్తి వంగాడు. అతనితోపాటు మిగతా ఇద్దరూ వంగారు. తలలు ఠపీమని కొట్టుకున్నాయి, కాగితం పళ్ళెంలో పడింది.

"చుక్క మునిగింది!"

"అయితే కొంప మునుగుతుంది!"

"నీళ్ళుంటేనే కదా మునిగేది? పారబోసేద్దాం!" అన్నాడు లింగమూర్తి. అంతే. ముగ్గురూ ముళ్ళతోనే గెంతుతూ పోయి, అద్దకానికి తోడిపెట్టిన నీళ్ళ తొట్లన్నీ ఇంటి మధ్యలో బోర్లించారు. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి.

"మేడమ్ చెప్పిందే నిజం అన్నయ్యా! మునుగుతోంది!" అంటూ కోదండం నిచ్చెనెక్కాడు. ముడి ఉంది కనుక మిగతా ఇద్దరూ ఎక్కక తప్పలేదు.

సాయంత్రం రంగు విడిందో లేదో చూద్దామని హైమవతి వచ్చేసరికి పెంకుల మీద ముగ్గురూ ఒక్క మూటలా కూర్చుని ఉన్నారు. లింగమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు. "తాత పేరు ముంచేశాం మేడమ్ గారూ. మాకంటే గాడిదలు నయం, వాటికి మొయ్యడమన్నా వచ్చు."

ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి పకపకా నవ్వింది. "దిగి ఈ గోడ చూడండి!"

నీళ్ళు సున్నపు గోడలోకి ఇంకి, చుక్కల్ని దాటుకుని ఇంకో జానెడెత్తు పాకాయి. ప్రతి చుక్కా మూడుగా విడిపోయింది. కింద పసుపు, మధ్యన ఎరుపు, పైన నీలం.

"మీ ముగ్గే మిమ్మల్ని కాపాడింది. ఈ మూడూ కలపండి, మీ తాత రంగు వచ్చేస్తుంది" అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

లింగమూర్తికి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా? ఈ మూడూ అన్నారు. వేరేవి కాదు!"

ఇంకేముంది, అట్లకాడలు తెచ్చి గోడంతా గీకేశారు. పసుపు పెచ్చు, ఎరుపు పెచ్చు, నీలం పెచ్చు, ఒక్కటి వదలకుండా రోట్లో వేసి నూరారు. నీళ్ళు కలిపి గుడ్డలో వడగట్టి తాత సీసాలో పోశారు. అచ్చం నేరేడు పండు రంగే!

మర్నాడు లింగమూర్తి సీసా పట్టుకుని, ఛాతీ విరుచుకుంటూ మేడమ్ ముందు నిలబడ్డాడు.

"కలిపేశామమ్మా, తాత రంగు దొరికింది! ఇక ఇందులో ఏమేం ఉన్నాయో మీరు చెబితే, పని మొదలుపెట్టేస్తాం."