ఐదున్నర శ్రుతి

"ఆటిజం ఉన్నవాళ్ళకి ఏ రాగం పనిచేస్తుంది మాస్టారూ?" అని సుభాషిణి అడిగింది. ఆమె సంగీత చికిత్సలో డిప్లొమా చేసింది. ఏ బాధకు ఏ రాగమో నోటుబుక్కులో మందుల చీటీలాగా రాసిపెట్టుకుంది. వయొలిన్ మాస్టారు ఏకాంబరంగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు తక్కువ. "రేపు నీతో నేనూ వస్తాను" అన్నారు.

ఇద్దరూ వెళ్ళింది విజయనగరంలో ఒక డే కేర్ కేంద్రానికి. అక్కడికి వచ్చే ఇరవై రెండేళ్ళ వైదేహికి ఆటిజం, మాటలు రావు. రోజంతా ఒకే స్వరం మీద సన్నగా కూనిరాగం తీస్తుంది. ఎవరైనా పాట ఎత్తుకుంటే మాత్రం చెవులు మూసుకుని కేకలు పెడుతుంది. ఈ వారం కూడా ఇలాగే ఉంటే ఇక పంపవద్దని కేంద్రం వాళ్ళు తల్లికి చెప్పేశారు. తల్లి అప్పలనర్సమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. కూతురి దగ్గర కూర్చోవాలంటే పని మానాలి. మానితే పొయ్యిలో పిల్లి లేవదు. ఆ రోజు ఆమె సెలవు పెట్టి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

సుభాషిణి తన గొంతుకు అలవాటైన ఐదున్నర శ్రుతికి శ్రుతిపెట్టె పెట్టుకుని పాడింది. కేక. రాగం మార్చింది. మళ్ళీ కేక. మూడో రాగం ఎత్తుకోబోతుంటే మాస్టారు శ్రుతిపెట్టె ఆపేశారు.

తర్వాత ఆయన చేసిన పని చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. వైదేహి చెవుల మీద చేతులు తియ్యకుండానే మళ్ళీ కూనిరాగం మొదలుపెట్టేదాకా ఊరికే కూర్చున్నారు. అప్పుడు బిరడాలు తిప్పి, తీగలు వదులు చేసి, వయొలిన్‌ను ఆ స్వరానికి దించారు. దానికే పది నిమిషాలు పట్టింది. ఇక ఆ ఒక్క స్వరమే వాయించారు. ఆమె ఆపితే ఆపారు, తీస్తే తీశారు.

కొంతసేపటికి చేతులు చెవుల మీంచి దిగాయి. వైదేహి చటుక్కున ఆపి వయొలిన్ కమాను వైపు చూసింది. కమాను ఆగింది. ఆమె మళ్ళీ అందుకుంది. కమాను కదిలింది. ఆ పిల్ల నవ్వేసింది.

"ఆ కూత ఆపమనే రోజూ తిట్టీదాన్ని బాబూ!" అని అప్పలనర్సమ్మ భోరుమంది. కేంద్రం నడిపే ఆవిడ ఆమెను కూర్చోబెట్టి, కూతుర్ని వచ్చే సోమవారం కూడా తీసుకురమ్మంది.

తిరిగి వస్తూ సుభాషిణి, "మీరు వాయించింది ఏ రాగమూ కాదు కదండీ!" అంది.

"కచేరీలో శ్రుతి ఎవరికి తగ్గట్టు పెడతాం?"

"పాడేవాళ్ళకి."

"మరి నువ్వు ఆ అమ్మాయిని శ్రోత అనుకున్నావు" అన్నారు మాస్టారు.