శొంఠి పట్టు

మా గురువుగారు పరాంకుశం వైద్యులకు ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని బయల్దేరుతారు. అడిగిన పాపానికి వెంట నడవాల్సిందే.

"ఏళ్ల తరబడి వేధించే తలనొప్పి ఒట్టి అలవాట్లు మారిస్తే పోతుందాండీ?" అని మా సహాధ్యాయి నారప్ప అడిగాడు. గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

తీసుకెళ్లింది కంచరి వీధికి, ఇత్తడి బిందెలు చేసే సుందరాచారి ఇంటికి. అతని భార్య అక్కమాంబ తలకు గుడ్డ బిగించుకుని పడుకుని ఉంది. "ఈ సుత్తి మోతకు రాయికైనా తలనొప్పి వస్తుంది" అని నారప్ప నా చెవిలో గొణిగాడు. అంతలో ఆవిడ మూలిగింది. సుత్తి ఆగింది. ఆచారి లోపలికొచ్చి, శొంఠి అరగదీసి, ఆవిడ నుదుటికి పట్టు వేసి పక్కనే కూర్చున్నాడు. ఆవిడ ముఖం విప్పారింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన అలా పక్కన కూర్చునేది తలపోటు వచ్చినప్పుడేనని ఆవిడే చెప్పింది.

గురువుగారు ఆచారిని అరుగు మీదికి పిలిచారు. "నొప్పి వచ్చినప్పుడు దగ్గరికి వెళ్లకు. కులాసాగా ఉన్నప్పుడు సుత్తి పక్కన పెట్టి, రోజూ కాసేపు వెళ్లి కూర్చో. రెండూ చెయ్యాలి సుమా!" ఆచారి బుద్ధిగా తలూపాడు.

దారిలో నారప్ప, "అయితే అదంతా నటనేనా?" అన్నాడు.

"నోరు మూయరా! ఉబ్బిన ఆ కణతల నరాలు చూడలేదూ? నొప్పి నిజమే" అని గురువుగారు కసిరారు.

మళ్లీ వెళ్లేసరికి ఎండలు ముదిరాయి. అక్కమాంబ తలకు గుడ్డ లేదు. పొయ్యి దగ్గర పని చేసుకుంటోంది. నారప్ప మురిసిపోయాడు.

"తలపోటు ఎలా ఉందమ్మా?" అని గురువుగారు అడిగారు.

"పోయిందండీ. దాంతోపాటు ఆయన లోపలికి రావడమూ పోయింది. మీకు పుణ్యముంటుంది బాబూ, నా నొప్పి నాకు ఇప్పించండి" అంటూ ఆవిడ భోరున ఏడ్చింది.

గురువుగారు వెళ్లి ఆచారిని అడిగారు. అతను బిందె మీంచి తలెత్తలేదు. "మీరు చెప్పిన మొదటిది తు.చ. తప్పకుండా చేశానండీ. రెండోదానికి తీరికేదీ? అయినా నిక్షేపంలా ఉన్న మనిషి పక్కన కూర్చుని ఏం చెయ్యమంటారు?"

నాకైతే ఆ సుత్తి లాక్కుని వీధిలోకి విసిరేయాలనిపించింది. ఏం లాభం!

బయటికొచ్చాం. గురువుగారు వాకిట్లోనే ఆగిపోయారు. లోపల ఏడుపు వినిపిస్తోంది, సుత్తి మోతా వినిపిస్తోంది. నారప్ప ఉండబట్టలేక, "తలనొప్పి నయమైంది కదండీ, ఇంకా నిలబడ్డారేం?" అన్నాడు.

"ఆ సుత్తి ఆగుతుందేమోనని చూస్తున్నాను నాయనా" అన్నారు గురువుగారు.