ఆలస్యంగా లేచిన కణాలు

అన్యాయం జరిగింది గున్నమ్మకి, ఆ ఏడు ఆషాఢంలో. ఏడో నెలలో బీపీ పెరిగి, కాళ్లు వాచి, ఆసుపత్రికి వచ్చేసరికే కడుపులో ఆడపిల్ల పోయింది. నొప్పుల్లో మెలికలు తిరుగుతున్న మనిషి బొటనవేలు పట్టుకుని ఇంగ్లీషు కాగితం మీద ముద్ర వేయించి, బిడ్డ వెంట పడిన ఆమె మాయని పై అంతస్తులోని పరిశోధనశాలకు పట్టుకుపోయారు. చదువుకున్నవాళ్లు దాన్ని అనుమతి అంటారట. ఆ ముద్ర కింద సంతకం ఆ పరిశోధనశాల పెద్ద తాయారు గారిది.

శిష్యులు ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. కొద్ది రోజులకి ఒక ఉదయం శిష్యురాలు సలోమి పరుగున వచ్చింది.

"మేడమ్, గున్నమ్మ మాయ కణాలు లేచాయి! ఇక ఈ జబ్బుకి మందు దొరికినట్టేనా?"

బిడ్డకి తిండీ గాలీ అందాలంటే మాయ కణాలు గర్భసంచి గోడలోకి తవ్వుకుంటూ పోయి, తల్లి రక్తనాళాలను వెడల్పు చేయాలి. ఆ తవ్వకానికి బలమిచ్చేవి కణంలోని మైటోకాండ్రియా, దాని పొయ్యిలన్నమాట. గున్నమ్మ కణాల్లో పొయ్యిలు చల్లారి పొగ మిగిలింది, దారి సరిగా పడక బీపీ పెరిగింది. సలోమి ఒక గాజుగిన్నెలో వాటి పక్కనే, సన్నటి పొర అడ్డం పెట్టి, క్షేమంగా కాన్పయిన మరో తల్లి బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాలను ఉంచింది. అవి వీటిని ముట్టుకోనైనా లేదు. పొర గుండా ఏవో రసాలు పంపాయి, అంతే. పొయ్యిలు రాజుకున్నాయి. మొద్దుల్లా పడి ఉన్న కణాలు కింద పరిచిన జిగురులోకి తవ్వుకుంటూ దిగాయి.

తాయారు గారు అంతా విని, "కింద మెట్ల దగ్గర ఒకామె కూర్చుంది. వాచ్‌మన్ తరుముతున్నాడు. వెళ్లి పైకి తీసుకురా" అన్నారు.

వచ్చింది గున్నమ్మే. పచ్చి బాలింత, కాళ్ల వాపు ఇంకా తీయలేదు.

"నా మాయ ఇచ్చీండమ్మా. మా ఊళ్లో బిడ్డనీ మాయనీ ఒక్క గోతిలోనే పెడతాం. లేపోతే పిల్ల ఎతుక్కుంటాదంట."

కావలసిన ముక్క తరిగేశారు. తక్కినది ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో పోయి కాలిపోయింది. "అంతా లేదమ్మా. కొంచెమే ఉంది. కానీ బతికే ఉంది, చూడు!" అని సలోమి ఆమెని మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ గొంతులో సంబరం దాగలేదు. చదువు ఒక్కోసారి మనిషి కళ్లను అలా పొడిచేస్తుంది.

గున్నమ్మ చాలాసేపు చూసింది.

"ఏటి చేస్తన్నాయివి?"

"తవ్వుతున్నాయి. బిడ్డకి దారి వేస్తున్నాయి."

"ఎప్పుడు తవ్వాల?"

"మూడో నెల, నాలుగో నెల..."

"మరిప్పుడు ఎవుల కోసం తవ్వుతన్నాయమ్మా?"

సలోమి మైక్రోస్కోపు కింది నుంచి గిన్నె తీసి చేతుల్లోకి తీసుకుంది.

"పోనీ, ఆ గిన్నే ఇచ్చీండి. అదే పెడతాను."

సలోమి గిన్నెని గుండెకి హత్తుకుంది. "మేడమ్, బయటికి తీస్తే చచ్చిపోతాయి! నా కష్టమంతా ఇందులోనే ఉంది."

"చచ్చిపోయినదాని దగ్గరికే కదా తల్లీ ఎళ్తాయి" అంది గున్నమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తాయారు గారు గిన్నె తీసుకుని, గుడ్డలో చుట్టి, ఆమె చేతికిచ్చారు. క్షమించమని అడగలేదు. అడగడానికి మొహం ఉండాలి కదా. గున్నమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది. గేటు దాటేలోపే ఆ పొయ్యిలు మళ్లీ చల్లారిపోతాయని పైనున్న ఇద్దరికీ తెలుసు.

సలోమి అంది: "నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు మేడమ్."

"ఫొటోలు ఉన్నాయిగా, వ్యాసం రాసుకో. మొదటి వాక్యంలో మాత్రం తేదీ వెయ్యి."

"కణాలు లేచిన తేదీయా?"

"వాటితో పని తీరిపోయిన తేదీ."

సలోమి గున్నమ్మ కేసు కాగితం తీసి, బిడ్డ పోయిన తేదీ చూసి రాసింది: 2019 జూలై 11.