తోలుదూడ

"కడుపులో ఏమీ లేని మనిషికి పాలెలా వచ్చాయి పెద్దమ్మా? అది అబద్ధమాడిందా, మనకే చేతకాలేదా?"

నాగరత్నం ఈ మాట అడగడం నిన్నటి నుంచి నాలుగోసారి. మంత్రసాని పేరిందేవమ్మకి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళకి ఏదో ఒక పని అప్పజెప్పి, తను వక్క నములుతూ కూర్చుంటుంది. ఆవిడ దగ్గర పురుళ్ళు పొయ్యడం నేర్చుకుంటున్న ఈ మూడేళ్ళలో నాగరత్నం ఎంత చింతపండు గింజ తీసిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతకీ ఆ మనిషి సూరమ్మ కోడలు వరహాలు. పెళ్ళయిన ఏడేళ్ళకి నెల తప్పింది. అంతవరకూ దాన్ని గొడ్రాలని పిలిచింది సూరమ్మే. వేవిళ్ళు వచ్చాయి, పొట్ట పెరిగింది. ఆరో నెలలో నాగరత్నమే చెయ్యి వేసి చూసి, బిడ్డ కదులుతోందని చెప్పింది. ఆ మాట మీదే గాజులు తొడిగి, శ్రీమంతం చేశారు. నెలలు నిండి నొప్పులు వచ్చాక, నిన్న పేరిందేవమ్మ రెండు పూటలు కనిపెట్టుకుని చూసి, బిడ్డ లేదనీ, ఎప్పుడూ లేదనీ తేల్చింది. ఊరు నవ్వింది. నాటకాలాడే కోడలు నాకొద్దు, రేపే బండి కట్టించి పుట్టింటికి తోలేస్తానంది సూరమ్మ. నాగరత్నానికీ లోపల కోపమే. నలుగురిలో తన చెయ్యి అబద్ధమైపోయింది మరి! కానీ వరహాలు రవిక పాలతో తడవడం కళ్ళారా చూసింది. నాటకానికి రవిక తడుస్తుందా? ఎటు ఆలోచించినా దానికి కొస దొరకలేదు.

"పద, అక్కడికే పోదాం" అంది పేరిందేవమ్మ.

వాళ్ళు వెళ్ళేసరికి వాకిట్లో బండి సిద్ధంగా ఉంది. సూరమ్మ గేదె పాలు పితకబోతోంది. ఆ గేదె ఈనిన నాలుగు రోజులకే దూడ చచ్చిపోయింది. అలాంటప్పుడు అందరూ చేసేదే సూరమ్మా చేసింది. దూడ తోలులో ఎండుగడ్డి కూరి కుట్టించి, పితికే వేళకి తెచ్చి గేదె ముందు నిలబెడుతోంది. గేదె ఆ తోలుదూడని నాకింది. నాకుతూ నాకుతూ చేపింది, పొదుగులోకి పాలు దిగాయి. "మా తల్లే, మా బంగారమే" అని దాన్ని నిమిరి సూరమ్మ పితకడం మొదలుపెట్టింది.

పేరిందేవమ్మ అరుగు మీద చతికిలబడి బుగ్గన వేలేసుకుంది. "ఎంత నాటకం సూరమ్మా! లేని దూడకి పాలిస్తోందే ఇది! సంతకి తోలెయ్యకపోయావా?"

"అదేం మాటక్కా! నోరులేని జీవం. బిడ్డ కోసం బెంగెట్టుకుంది పాపం."

"ఓహో. నోరుండడమే వరహాలు చేసిన తప్పన్నమాట."

సూరమ్మ చేతులు ఆగిపోయాయి. లోపలి గదిలో వరహాలు వెక్కుతున్న చప్పుడు ఇప్పుడు అందరికీ వినబడింది. నాగరత్నానికి జాలి ముంచుకొచ్చింది గాని, చిక్కు మాత్రం విడలేదు.

"మరి నా చేతికి తగిలిన కదలికో పెద్దమ్మా?" అంది మెల్లగా.

"నువ్వూ బిడ్డ ఉండాలనే కోరుకున్నావు కదే."

ఆ జవాబుతో నాగరత్నం తల ఇంకా తిరిగింది. తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

సూరమ్మ పాలచెంబు పక్కన పెట్టి లేచింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావక్కా?"

"బండి విప్పించు. వేడినీళ్ళు పోసి, కాయం తినిపించి, పదకొండు రోజులు మంచం దిగనివ్వకు."

"బిడ్డే లేకుండా బాలింత పథ్యమేంటక్కా! జనం నవ్వరూ?"

పేరిందేవమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, లోపలి గది వైపు నడిచింది.

"బిడ్డ లేదన్నాను. తల్లి లేదన్నానా?"